పొదుపు సంఘం ముందా, రాత్రి బడి ముందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: తెలంగాణలో ఒక చిన్న ఊరు. మీ వాడలో పద్నాలుగు మంది ఆడవాళ్లు పొదుపు సంఘం పెట్టుకుందామనుకుంటున్నారు. అందులో ఎనిమిది మందికి చదవడం, రాయడం రాదు. "డిగ్రీ చదివిన కోడలివి నువ్వే కదా, పుస్తకాలు నువ్వే రాయి" అని మీ మీద పెట్టారు. ముందు రాత్రి బడి పెట్టి అందరికీ నాలుగు అక్షరాలు నేర్పాలా, లేక సంఘం మొదలుపెట్టేసి చదువు సంగతి తర్వాత చూడాలా అన్నది ప్రశ్న. మీరూ మీ అత్తగారూ ఇద్దరూ చేరొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. సంఘం ఈ వారమే మొదలుపెట్టండి. చదువు కోసం వేరే బడి వద్దు, సంఘం పుస్తకాన్నే వాచకం చేసుకోండి. పుస్తకాల బాధ్యత మీరే తీసుకోండి, కానీ ఆరు నెలలే. ఏడో నెల నుంచి ఆ పద్నాలుగు మందిలో ఇద్దరు మీరు లేకుండా సొంతంగా రాయాలి. మిగతా పన్నెండు మందీ తమ పాస్ పుస్తకంలో తమ వరస తామే చదువుకోవాలి. సంఘం నిలబడేదీ కూలిపోయేదీ ఇక్కడే.

బడి ముందు ఎందుకు వద్దంటున్నానంటే, రాత్రి బడి మొదటి పదిహేను రోజులు నిండుగా ఉంటుంది. తర్వాత నాట్లొస్తాయి, పత్తి ఏరడం వస్తుంది, మిరప కోతలొస్తాయి. పొద్దంతా వంగి పనిచేసి వచ్చినావిడ రాత్రి ఎనిమిదింటికి "అ అంటే అమ్మ" దిద్దడానికి రాదు. రాలేదని ఆమెని తప్పుపట్టడానికీ లేదు. తన వంద రూపాయలు ఏమయ్యాయో చూసుకోవడానికి మాత్రం తప్పకుండా వస్తుంది. ఆ రావడాన్నే చదువుకి వాడుకోవాలి.

చదువు లేకుండా సంఘం ఒక్కటే పెడితే ఏమవుతుందో చాలా ఊళ్లలో చూస్తున్నదే. పుస్తకం చదవగలిగేది ఒక్కతే అయితే రెండేళ్లు తిరిగేసరికి సంఘం ఆమె చేతిలో ఉంటుంది. ఆమె మంచిదైనా చిక్కే. ఆమె కాన్పుకి పుట్టింటికి వెళ్తే మూడు నెలలు లెక్కలు ఆగిపోతాయి, తిరిగొచ్చాక ఎవరు ఎంత కట్టారో ఎవరికీ గుర్తుండదు. అక్కడ మొదలయ్యే అనుమానం సంఘాన్ని తినేస్తుంది.

చదువూ పొదుపూ కలిసి నడవడం మనకి కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం చదువుతూ దూబగుంట ఆడవాళ్లు అందులో తమ ఊరి సంగతే ఉందని గుర్తుపట్టారు, సారా అమ్మకాలు ఆపించారు. ఆ కదలిక ఊరూరికీ పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగిలింది కాబట్టే ఆ జిల్లాలో రోజుకో రూపాయి లెక్కన పొదుపు లక్ష్మి సంఘాలు అంత తొందరగా నిలదొక్కుకున్నాయి. అక్షరం దగ్గర మొదలై వాళ్లు పొదుపుకి చేరారు. మీరు పొదుపు దగ్గర మొదలై అక్షరానికి చేరండి, దారి ఒక్కటే.

ఇక పని. పదిహేను రోజులకోసారి కూర్చోండి. నెలకోసారి అయితే ఒక్కసారి తప్పినా రెండు నెలలు ఎడం వస్తుంది. ఒక్కో సమావేశానికి మనిషికి 100 రూపాయలు పెట్టుకోండి, కూలి దొరకని నెలలో కూడా కట్టగలిగేంత ఉండాలి. 500 అని గొప్పగా మొదలుపెట్టిన చోట నాలుగో నెలకి ఇద్దరు ముగ్గురు వెనకపడతారు. వెనకపడినవాళ్లు సిగ్గుతో రావడం మానేస్తారు, ఇక్కడ చెడేది డబ్బు లెక్క కన్నా ముందు ఈ సిగ్గు వల్లే. పద్నాలుగు మంది వందేసి కడితే సమావేశానికి 1,400, ఆరు నెలలకి 16,800.

సమావేశం ప్రతిసారీ ఒకే వరసలో నడవాలి. అందరూ గుండ్రంగా కింద కూర్చోవాలి, కుర్చీ ఎవరికీ వద్దు. హాజరు వేయండి. కిందటి తీర్మానాలు చదివి వినిపించండి. పొదుపు వసూలు, అప్పు వాయిదాల వసూలు, ఆ తర్వాతే కొత్త అప్పుల మాట. ఆఖరున చేతిలో ఉన్న నగదుని ఒకరు నోరు తెరిచి పైకి లెక్కపెట్టాలి, అది నగదు పుస్తకంలో అంకెతో సరిపోవాలి. పది రూపాయలు తేడా వచ్చినా తేలేదాకా ఎవరూ లేవకూడదు. "రేపు చూద్దాంలే" అన్న పది రూపాయలే ఏడాది చివర పదివేల గొడవ. డబ్బు పెట్టె ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరింట్లో ఉండాలి. మర్నాడే బ్యాంకులో వేసి రసీదు ముక్క తీర్మానాల పుస్తకంలో అంటించండి.

పుస్తకాలు ఎక్కువ అక్కర్లేదు. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, పొదుపు–అప్పుల లెడ్జరు, మనిషికో పాస్ పుస్తకం. జనరల్ లెడ్జరు, వోచర్లు సీసీ గారు (సంఘాల పని చూసే కమ్యూనిటీ కోఆర్డినేటర్) వచ్చినప్పుడు చూపిస్తారు. వీటన్నిటిలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది పాస్ పుస్తకమే, ఎందుకంటే అది ఆమె చేతిలో ఉంటుంది. దాన్ని రాసేవాళ్ల ఇంట్లో కట్టగా పెట్టడం చాలా సంఘాల్లో అలవాటు. దయచేసి అలా పెట్టుకోకండి. సమావేశానికి తెచ్చుకోవాలి, రాయించుకుని తీసుకుపోవాలి.

వడ్డీ లెక్క అందరి ముందూ ఒకసారి విప్పి చెప్పండి. వంద మీద నెలకి రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం, సంఘం లోపలి అప్పుకి సరిపోతుంది. ఒకావిడ 5,000 తీసుకుని నెలకి 500 అసలు కడుతుందనుకోండి. మొదటి నెల వడ్డీ 50, రెండో నెల మిగిలిన 4,500 మీద 45, మూడో నెల 4,000 మీద 40. పది నెలలకి మొత్తం వడ్డీ 275. కొన్ని సంఘాల్లో అసలు తగ్గుతున్నా 5,000 మీదే నెలనెలా 50 వసూలు చేస్తారు, అది 500 అవుతుంది. అడిగితే "మా సంఘం పద్ధతి అంతే" అంటారు. అది పద్ధతి అయింది లెక్క రాక. ఆమె పాస్ పుస్తకంలో మూడో నెల వరస ఇలా ఉండాలి: కట్టిన అసలు 500, వడ్డీ 40, మిగిలిన అప్పు 3,500. ఈ మూడు అంకెలు ఆమె తన వేలు పెట్టి చదివి "అవును, సరిపోయింది" అంటే ఆ రోజు పాఠం అయిపోయినట్టే.

ఇప్పుడు చదువు ఎలా చెప్పాలో. వారానికి రెండు మూడు సాయంత్రాలు అరగంట చాలు, సమావేశం రోజు దానికి ముందే కానిచ్చేయండి.

అక్షరాల కన్నా ముందు అంకెలు. చదువు రాని ఆడవాళ్లకి లెక్క రాదనుకోవడం పెద్ద పొరపాటు. నోటి లెక్కలో వాళ్లు మనకన్నా చురుకు. కూలి లెక్క, పాల లెక్క, చిట్టీ లెక్క అంతా నోటి మీదే నడుపుతారు. రానిదల్లా కాగితం మీద పెట్టడం. అక్కడ అందరూ పడే తప్పు ఒకటుంది. "వెయ్యీ యాభై" రాయమంటే 1000 రాసి పక్కన 50 పెడతారు: 100050. విన్నది విన్నట్టే రాశారు కాబట్టి వాళ్ల లెక్కన అది సరైనదే. కోప్పడకండి, నవ్వకండి. ముగ్గుపిండితో నేల మీద నాలుగు గళ్లు గీయండి: వేలు, వందలు, పదులు, ఒకట్లు. చింతగింజలు ఇచ్చి 1,050 పేర్చమనండి. వేల గడిలో ఒక గింజ, పదుల గడిలో అయిదు. ఖాళీగా ఉన్న గడిలో సున్నా రాయాలని అప్పుడు చెప్పండి. ఖాళీ కళ్లకి కనబడుతుంది కాబట్టి సున్నా ఎందుకో వాళ్లే చెబుతారు. మూడు నాలుగు సాయంత్రాలు ఇదే ఆడించండి. 6, 9 తారుమారు కావడం ఇంకొన్నాళ్లు ఉంటుంది, పాత క్యాలెండర్ కాగితాల మీద దిద్దిస్తే పోతుంది.

తర్వాత మాటలు. ముందు వాళ్ల పేరు. ఆ వెంటనే పొదుపు, అప్పు, అసలు, వడ్డీ, తేదీ. పాస్ పుస్తకంలో గళ్ల పైన ఉండేవి దాదాపు ఇవే. "పొదుపు"లో చివరి "పు"ని చూపించి "అప్పు"లో దాన్ని వెతకమనండి, కింద ఇంకో ప వేలాడుతోందని వాళ్లే కనిపెడతారు, ఒత్తు అలా తెలుస్తుంది. చుక్కల ముగ్గు వేసే చేతికి తెలుగు వంపులు కష్టం కాదు. కలం సన్నగా ఉండి పట్టు దొరక్కే వంకర పోతుంది. అందుకని మొదటి నెల సుద్దముక్క, పలక. కలం ఆ తర్వాత.

కళ్లు చూపించండి. ఇది చాలామంది మర్చిపోతారు. నలభై దాటినవాళ్లకి చత్వారం ఉంటుంది, దగ్గరి అక్షరం అలుక్కుపోయినట్టు కనబడుతుంది. ఆవిడకి అది కంటి లోపమని తెలియదు, "నా బుర్రకి ఎక్కదులే" అని మానేస్తుంది. సూదిలో దారం ఎక్కించమనండి, చెయ్యి చాచి దూరంగా పెట్టుకుంటే సంగతి అదే. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన అద్దాలు కొందరి ఇళ్లలో పెట్టెల్లో ఊరికే పడి ఉంటాయి, బయటికి తీయించండి. లేనివాళ్లని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. అద్దాలు పెట్టాక నెల రోజుల పాఠం వారంలో అందుకున్నవాళ్లుంటారు.

సంతకం దగ్గర ఆగిపోకండి. సంతకం మాత్రమే వచ్చి చదవడం రాని స్థితి వేలిముద్ర కన్నా ప్రమాదం. వేలిముద్ర వేసేటప్పుడు ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు, సాక్షి ఉంటారు. సంతకం పెట్టే ఆమెకి చదువొచ్చనుకుని కాగితం ముందుకి తోసేస్తారు. అందుకని మీ సంఘంలో ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఏ కాగితం మీదైనా మూడు వెతికి వేలితో చూపించాకే సంతకం. ఎంత సొమ్ము, ఏ తేదీ, ఎవరి పేరున. ఖాళీగా ఉన్న విత్‌డ్రాయల్ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టించి ఉంచుకోవడం, "ఎందుకు మాటిమాటికీ రావడం" అన్న సౌకర్యంతో మొదలై, డబ్బు పోయాకే బయటపడుతుంది.

చదవడం, రాయడం వచ్చిన మిగతా ఆరుగురిలో పుస్తకాలు రాసే ఇద్దరిని ఇప్పుడే ఎంచుకోండి. అయిదో ఏడో చదివి మానేసినవాళ్లుంటారు. "అంతా మర్చిపోయాం" అంటారు, రెండు నెలల్లో చెయ్యి తిరుగుతుంది. మొదటి రెండు నెలలు మీరు అసలు పుస్తకం రాస్తుంటే వాళ్లిద్దరూ పక్కన మామూలు నోటుబుక్కుల్లో అదే రాయాలి, ఆఖరున మూడూ సరిపోల్చుకోవాలి. మూడో నెల నుంచి అసలు పుస్తకం వాళ్లు రాయాలి, మీరు పక్కన కూర్చోవాలి. అయిదో నెలలో ఒక సమావేశానికి కావాలనే వెళ్లకండి. మర్నాడు నగదు, పుస్తకం సరిపోతే మీ పని అయినట్టు. తప్పు కనబడితే మీరు దిద్దకండి, ఎక్కడుందో వాళ్లనే వెతకనివ్వండి. వెతకడం నేర్చుకున్నాకే పుస్తకం వాళ్లదవుతుంది.

బ్యాంకు సంగతి. పొదుపు ఖాతా తెరవడానికి అందరి గుర్తింపు పత్రాలూ అక్కర్లేదు, ఖాతా నడిపే నాయకురాళ్లవి చాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అప్పు ఇచ్చేటప్పుడు అందరివీ అడగవచ్చు. కనీసం ఆరు నెలలు నడిచిన సంఘానికి మొదటి అప్పుకి అర్హత వస్తుంది. ఆ ఆరు నెలలు లెక్కపెట్టేది పుస్తకాల ప్రకారం, ఖాతా తెరిచిన తేదీ నుంచి కాదు. ఈ వారమే మొదలుపెట్టమన్నది అందుకు కూడా. అప్పటిదాకా పంచసూత్రాలు పాటించారా అని చూస్తారు: క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, లోపల అప్పులివ్వడం, వాయిదాలు సరిగ్గా కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. కూడబెట్టిన 16,800నీ ఖాతాలో కదలకుండా ఉంచి "ఎంత బాగా దాచామో" అని చూపించే సంఘానికి మార్కులు తగ్గుతాయి. డబ్బు లోపల తిరగాలి.

జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద మొదటి అప్పు సంఘం నిధికి ఆరు రెట్లు లేదా లక్షన్నర, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. మీ 16,800కి ఆరు రెట్లంటే 1,00,800, కాబట్టి లక్షన్నర లెక్కలోకొస్తుంది. 10 లక్షల దాకా హామీ అడగకూడదు, పొదుపు ఖాతాలో డబ్బుని పట్టి ఉంచకూడదు, డిపాజిట్ చేయమనకూడదు. 3 లక్షల లోపు అప్పు మీద ఏడాదికి 7 శాతం మించి వడ్డీ వేయకూడదు. వంద మీద నెలకి సుమారు 58 పైసలు. మీరు రూపాయికి ఇస్తే 42 పైసలు సంఘం నిధిలో చేరతాయి. ఒక సభ్యురాలి భర్త ఎప్పుడో బాకీ పడ్డాడని సంఘానికి అప్పు ఆపడం కూడా మామూలుగా కుదరదు, సంఘం బాకీ లేకుంటే చాలు. ఇవి మర్యాదగా, తెలిసినట్టుగా అడగండి, మాట మారుతుంది.

అప్పు వచ్చాక చేసే మొదటి తప్పు సమానంగా పంచుకోవడం. లక్షన్నరని పద్నాలుగుతో భాగించి మనిషికి 10,714 ఇచ్చేస్తారు. బర్రె కొనాలనుకున్న ఆమెకి అది చాలదు, అవసరం లేని ఆమెకి అది చేతిలో ఖర్చయిపోతుంది. ఎవరికి ఎంత, దేనికి, నెలకి ఎంత కట్టగలరు అన్నది ముందే రాసుకోండి. అదే కాగితం మీద ఆ ఇంటికి బయట ఉన్న అప్పులన్నీ రాయండి, వడ్డీ వ్యాపారి దగ్గర, బంగారం మీద, ఫైనాన్సు కంపెనీ దగ్గర. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తూ ఎన్ని ఇళ్లు మునిగాయో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010లో చూసింది, ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఇంకొకరి కోసం తన పేరున అప్పు తీసుకోవడానికి ఒప్పుకోవద్దని తీర్మానమే రాసి పెట్టుకోండి.

వడ్డీ లేని రుణం అన్నప్పుడు చాలామంది బ్యాంకు వడ్డీయే వేయదనుకుంటారు. వేస్తుంది. వడ్డీతో సహా గడువులో కట్టాలి, తర్వాత ప్రభుత్వం ఆ వడ్డీ సొమ్ము తిరిగి వేస్తుంది. వాయిదా తప్పితే ఆ లాభం పోతుంది.

వాయిదా డబ్బు చేతికిచ్చి పంపేటప్పుడు జాగ్రత్త. ఊళ్లో సంఘాల పనులు చూసే యానిమేటరుకో నాయకురాలికో ఇచ్చేసి నిశ్చింతగా ఉంటే, కట్టలేదని ఏడాది తర్వాత నోటీసు వచ్చేదాకా తెలియదు. ప్రతి నెలా బ్యాంకు పాస్ పుస్తకంలో అచ్చు వేయించి సమావేశంలో తిప్పండి, అందరూ చూడాలి. వెళ్లేవాళ్లు కూడా ఒక్కరే కాకుండా ఇద్దరు, ప్రతి నెలా మారుతూ. కౌంటరు దగ్గర నిలబడి ఫారం నింపడం కూడా చదువే.

ఊరి పనుల గురించి ఇప్పుడే ఆలోచించకండి, ఏడాది గడిచాక అవే వస్తాయి. ఊళ్లో సంఘాలన్నీ కలిసి ఏర్పడే గ్రామైక్య సంఘంలో చేరాక వడ్ల కొనుగోలు కేంద్రం నడిపే అవకాశం రావచ్చు. అక్కడ తేమ కొలిచే యంత్రం మీద 17 శాతం దాటితే గొడవ, దాటకపోయినా తరుగు తీస్తే గొడవ. ఆ అంకె తానే చదివి రైతుకి చూపించగలిగిన ఆమె మాట నిలబడుతుంది. బడి సంగతి కూడా అంతే. విద్యా హక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. పేరుకి ఉంటారు, తీర్మానం ఇంటికొస్తే సంతకం పెడతారు. సంఘంలో తీర్మానం చదివి వినడం అలవాటైన తల్లి అక్కడ కూడా "చదవండి సార్" అంటుంది. మధ్యాహ్న భోజనం బియ్యం, మరుగుదొడ్డికి నీళ్లు, రాని టీచరు, ఇవి అడిగే గొంతు అలా వస్తుంది.

ఇక మీ అత్తగారి సంగతి. ఒకే ఇంటి నుంచి ఇద్దరు ఒకే సంఘంలో వద్దు. ఒక ఇంటికి కష్టం వస్తే రెండు వాయిదాలు ఒకేసారి ఆగుతాయి, ఓటింగు వచ్చినప్పుడు రెండు చేతులు ఒకే వైపు లేస్తాయి. ఈ సంఘంలో అత్తగారిని చేరనివ్వండి, మీరు ఆరు నెలలు రాసి నేర్పి బయటికి రండి. సభ్యురాలు కాకపోతే పుస్తకం వదలడం మీకూ సులువు, వాళ్లకీ సులువు. అప్పటికి మీ వయసు కోడళ్లు, ఇంటర్ చదివి ఇంట్లో ఉన్నవాళ్లు పది మందైనా ఊళ్లో దొరుకుతారు. సంఘానికి పది మంది చాలు. ఆ రెండో సంఘంలో మీరు చేరండి, మొదటి సంఘంలో రాయడం నేర్చుకున్న ఇద్దరిలో ఒకరిని మూడు నెలలకోసారి మీ పుస్తకాలు తనిఖీ చేయడానికి పిలవండి.